పగ్గం ఇవ్వకుండా అమ్మిన బండి

మా వీధివాళ్ళకి ఇంకా అర్థం కాలేదు. రిటైరైన డ్రిల్లు మాస్టారు కారు కొనుక్కోవచ్చు, కాశీకి టిక్కెట్లు కొనుక్కోవచ్చు. లోపల మంచం ఉన్న పాత వ్యాను కొనుక్కోవడమేమిటని వాళ్ళ బాధ. అదీ పాలకొల్లు నుంచి అంతదూరం ఆదోని వెళ్ళి. "ఏం మాస్టారూ, ఇల్లు ఇరుకైందా?" అని పాలకేంద్రం దగ్గర ఒకాయన నలుగురిలో అడిగేశాడు. నవ్వి ఊరుకున్నాను. అసలు సంగతి మా ఆవిడ సత్యవతి మోకాళ్ళు.

కాళ్ళు వేలాడేసుకుని ఎక్కువసేపు కూర్చోలేదు. మధ్యమధ్యలో నడుం వాల్చాలి. బస్సు మెట్లు, రైలు పైబెర్తులు ఆమెకి కొండలే. ఆపరేషన్ చేద్దామంటే ఒంట్లో చక్కెర తగ్గితే చూద్దామని డాక్టరుగారు వాయిదా వేస్తూ వస్తున్నారు. ఇంట్లో మంచం పక్కన కిటికీ ఊచలున్నాయి, వాటిని పట్టుకుని లేస్తుంది. నేను చెయ్యి అందిస్తే ఒప్పుకోదు. సర్వీసంతా విజిలు ఊది ఊళ్ళో పిల్లలందరినీ లేపి నిలబెట్టినవాణ్ణి, సొంత ఇంట్లో ఒక మనిషికి చెయ్యి అందించడానికి పనికిరాకపోయాను.

"లేవలేని చోట నేను పడుకోను," అంటుంది. బంధువుల ఇళ్ళకి వెళ్ళడం మానేసింది ఆ ఒక్క మాట మీదే. ఏళ్ళ తరబడి వీధి గుమ్మం దాకానే ఆమె లోకం. అది చూడలేక ఈ వ్యాను వెతుకులాటలో పడ్డాను. ఫోనులో ఫొటో చూసి, చెక్కబల్ల మంచం, కిటికీలకి తెరలు, స్టవ్వు పెట్టుకోవడానికి గూడు ఉన్నాయని తెలిసి ఆమెను బతిమాలి బయల్దేరదీశాను. దారంతా అవస్థే, అది చెప్పను. చేరాం, అంతే.

ఆదోని

ఊళ్ళోకి అడుగుపెట్టగానే ముక్కుకి తగిలింది పత్తి. సీజను కదా, లారీల మీద పత్తి బస్తాలు, గాల్లో దూది పోగులు, టీకొట్టు వాడి జుట్టులో కూడా దూదే. సత్యవతి చీరకి అంటుకున్నవి దులపబోతే, "ఊరు దాటేదాకా దులపొద్దులెమ్మా, మల్లా పడతాయి," అన్నాడు టీ ఇచ్చినతను.

అక్కడ ఉగ్గాని తిన్నాం. మా గోదావరి జిల్లాలో మరమరాలంటే జ్వరం వచ్చినవాళ్ళ పలహారం, లేదా పిల్లల జేబుల్లో పోసేది. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్ళలో తడిపి, పిండి, తాలింపు వేసి, పప్పుల పొడి చల్లి, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ఇద్దరం కడుపునిండా తిన్నా మా ఊళ్ళో రెండు దోసెలకి ఇచ్చేదానికంటే తక్కువే అయింది. సత్యవతి బజ్జీ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకొకటి అడిగింది.

వ్యాను ఒక మెకానిక్ షెడ్డులో ఉంది. అమ్మే ఆయన పేరు నీలకంఠప్ప, ఊరు ఎమ్మిగనూరు, కులవృత్తి నేత. మగ్గం మీద నేసిన దుప్పట్లు, తువ్వాళ్ళు ఈ వ్యానులో వేసుకుని కన్నడం మాట్లాడే పల్లెలదాకా తిరిగి అమ్మేవాడట. పొద్దుగూకిన చోట బండి ఆపి అందులోనే పడుకునేవాళ్ళట. "మేము" అన్నాడేగాని ఎవరెవరో చెప్పలేదు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, మనిషి చాలా తక్కువ మాట్లాడాడు.

మంచానికి తలవైపు, పైకప్పు కొక్కేనికి ఒక నూలు తాడు వేలాడుతోంది. పట్టుకునే చోట చేతి చెమటకి నల్లబడి నున్నగా మెరుస్తోంది. సత్యవతి నెమ్మదిగా మంచం మీద వాలింది. పడుకుంది. చెయ్యి పైకెత్తి ఆ తాడు అందుకుంది. ఒక్క మూలుగు లేకుండా లేచి కూర్చుంది. చిన్నపిల్లలా మళ్ళీ పడుకుని మళ్ళీ లేచింది.

"ఏవండీ, ఇదే," అంది నా చెవిలో. బేరమాడాలని దారంతా వేసుకున్న పథకాలన్నీ అక్కడే గాలికి పోయాయి.

కాగితాలు అయ్యాయి, డబ్బు ఇచ్చాను. నీలకంఠప్ప టైర్లకి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కొట్టాడు. తర్వాత లోపలికెక్కి ఆ తాడు విప్పడం మొదలుపెట్టాడు.

"అదేమిటండీ?" అన్నాను.

"పగ్గమన్నా ఇది. బండి అమ్మినా గానీ పగ్గం ఇయ్యం. ఎద్దును అమ్మినా అంతే మా పక్క. పగ్గం ఇంట్లో వుంటేనే గాటికి, అదే కట్టేసే తావుకి, మల్ల వస్తాది."

"బాబూ, మేం ఈ తాడు చూసే కొన్నాం. మా ఆవిడ లేవాలంటే..."

"వేరేది ఏమన్నా అడుగు, ఇస్తా. దీన్ని మాత్రం అడగొద్దన్నా," అని తలవంచుకుని, తాడు చుట్టచుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. కావాలంటే డబ్బు వెనక్కి తీసుకోమన్నాడు కూడా. నాకు మండిపోయింది. పోనీ తాడుకి ఎంతో చెప్పమన్నాను. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

సత్యవతి మాత్రం అరవలేదు. "ఇంటికి చేరేలోపల ఇందులో నా అంతట నేను లేవగలిగితే ఉంచుకుందాం. లేకపోతే అమ్మేయండి. నేనిక గుమ్మం దాటను, మీరు అడగకండి," అంది. అన్నమాట మీద నిలబడే మనిషి. నాకు భయమేసింది.

దేవరగట్టు

దసరాకి కర్రల సమరంతో హోరెత్తే కొండ, ఇంతదూరం వచ్చాం కదా చూద్దామని మేం వెళ్ళేసరికి మేకల మెడగంటలు తప్ప చప్పుడు లేదు. కొండ కింద టీ అమ్మే ఆమె, "పండగప్పుడు రావాల్సింది సార్, ఇప్పుడు ఏముంది సూసేకి," అంది. వాళ్ళాయన నుదుటి మీద పాత గాటు ఉంది. దెబ్బలు తగిలితే ఏం చేస్తారని అడిగాను.

"పసుపు పూసుకొని ఇంటికి పోతారు. దేవుని కాడ తగిలింది దెబ్బంటారా ఎవరన్నా?" అన్నాడాయన.

మా వైపు సంక్రాంతి కోడిపందేల దగ్గర కాలు తొక్కితేనే రెండు కుటుంబాలకి మాటలుండవు. ఇక్కడ తల పగిలినా మర్నాడు కలిసి టీ తాగుతారు. ఏది నాగరికమో నేను తేల్చలేను.

ఆ రాత్రి మంచం మీద రాజులా పడుకున్నది నేను. సత్యవతి ముందు సీట్లో కూర్చునే నిద్రపోయింది. ఎంత చెప్పినా వాలలేదు. తెల్లారి చూస్తే పాదాలు వాచి ఉన్నాయి. ఆమె కోసం కొన్న మంచం మీద పడుకుని గుర్రుపెట్టినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

పొద్దున్నే హొళగుంద వెళ్ళి నైలాన్ తాడు కొని కొక్కేనికి బిగించాను. సత్యవతి పట్టుకుని లేవబోయింది. చెయ్యి సర్రున జారి, అరచెయ్యి ఎర్రగా కోసుకుంది. రెండోసారి సగం లేచి వెనక్కి పడింది. నేను చెయ్యి జాపాను. తల తిప్పుకుంది. గోడ వైపు తిరిగి, మోచేతి మీద ఆనుకుని, అలా ఎంతసేపో అవస్థపడి లేచింది.

"వ్యాను బాగుందండీ. కొనేవాళ్ళు దొరుకుతారు," అంది. ఆ మాట ఎంత మెల్లగా అందంటే, అరిచి ఉంటేనే నయమనిపించింది.

పెద్దకడుబూరు దారిలో

ఆదోని వెనక్కి వచ్చి, ఉత్తరానికి పెద్దకడుబూరు వైపు పట్టాం. రెండు పక్కలా నల్లరేగడి, పత్తి. చేలో ఆడవాళ్ళు చీరల మీద మగవాళ్ళ పాతచొక్కాలు తొడుక్కుని, నడుముకి ఒడి కట్టుకుని పత్తి ఏరుతున్నారు. మాకు నీళ్ళు అయిపోయి బండి ఆపాం. వాళ్ళకి అది అన్నాల వేళ.

వాళ్ళలో పెద్దామె మరియమ్మ. మేస్త్రీ లేడుగాని ఆమె మాటే అక్కడ చెల్లుతోంది. నీళ్ళడిగితే రొట్టె కూడా పెట్టింది. జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి, ఉల్లిపాయ. ఊరిబిండి అంటే వేయించిన వేరుశనగలతో నూరిన కారం పచ్చడి. అన్నం తింటేగాని తిన్నట్టుండని మా కోస్తా పొట్టలకి రెండు రొట్టెలతో సాయంత్రందాకా ఆకలి లేదు. డబ్బివ్వబోతే, "రొట్టెకు దుడ్లు తీసుకుంటే యేసయ్య ఊరుకుంటాడా," అని కసిరింది.

సత్యవతి గట్టున కూర్చోలేక నిలబడే తింటోంది. మరియమ్మ గమనించి అడిగింది. సత్యవతి తాడు కథంతా చెప్పింది.

మరియమ్మ ఒప్పుకుంది. "ఎద్దునమ్మితే పగ్గమియ్యం, అది నిజమే. మా నాయినా ఇయ్యలేదు. కానీ యాన్‌కు పగ్గమేందమ్మా? నేనైతే యాడా ఇనలేదు." మిగతా ఆడవాళ్ళు నవ్వారు. నాకు మళ్ళీ మండింది. మోసపోయానని అందరి ముందూ తేలింది కదా.

"సరే, పాత చీరుందా? నూలుది. తెండి, పేన్దాం. మా పిల్లోళ్ళ ఉయ్యాలలకు అదే తాడు," అంది మరియమ్మ.

మా పాతచీరలు మంచం కింది పెట్టెలో సర్దాను. వాటిని తీస్తుంటే పెట్టె మూల నుంచి చిన్న గుడ్డసంచి బయటపడింది. ఎండిపోయిన వక్కలు, ఇత్తడి సున్నపు డబ్బీ, పళ్ళు విరిగిన చిన్న దువ్వెన. దువ్వెనలో నెరిసిన పొడుగాటి వెంట్రుకలు. సత్యవతి సంచి తిప్పితిప్పి చూసి, తన సీటు మీద జాగ్రత్తగా పెట్టుకుంది.

చీర పీలికలుగా చించారు. మూడు పేటలు చేసి, ఒక కొస బండి బంపరుకి కట్టి, రెండోది నాకిచ్చి పురి ఎక్కించమన్నారు. డ్రిల్లు మాస్టరుకి తాడు లాగే ఆట తెలుసుగాని తాడు పేనడం ఎక్కడ తెలుస్తుంది? నేను ఎక్కించిన పురి వదిలేసరికి పాములా నా చేతికే చుట్టుకుంది. చేలో నవ్వులే నవ్వులు. సత్యవతి కూడా నవ్వింది. ఆదోని దాటాక అదే మొదటిసారి. చివరికి మరియమ్మ నన్ను పక్కకి జరిపి తనే పేనింది.

కొక్కేనికి కట్టి చూశాం. అరచేతికి మెత్తగా ఉంది, కొయ్యలేదు. కానీ బరువు పడేసరికి చెయ్యి మెల్లగా కిందికి జారుతోంది. సత్యవతి మూడు ప్రయత్నాలకి ఒకసారి లేచింది. "పర్వాలేదు" అంది. కొని తెచ్చుకున్న చీర నచ్చకపోయినా నా కోసం అనే "పర్వాలేదు" అది, నాకు తెలుసు.

"ఎమ్మిగనూరు పోదాం," అంది తర్వాత.

"ఎందుకు, ఆయన్ని కడిగేయడానికా?"

"ఈ సంచి ఆడమనిషిది. బండి అమ్మింది ఆయన. ఆవిడ కావాలనే వదిలేసిందో, ఆయన తీయడం మర్చిపోయాడో మనకి తెలీదు. ఇచ్చేసి వద్దాం."

ఎమ్మిగనూరు

నేతవాళ్ళ వీధిలో అడుగుపెడితే చెవులకి ముందు మగ్గాలు వినిపిస్తాయి. ఒక ఇంటి చప్పుడు ఆగేలోపల పక్కింటిది అందుకుంటుంది. గుమ్మాల ముందు రంగునూలు ఆరేసి ఉంది. నీలకంఠప్ప ఇల్లు అడిగితే ఒకామె నూలు కండెలు చుట్టడం ఆపకుండానే గడ్డంతో చూపించింది.

బండి గుమ్మం ముందు ఆపగానే ఆయన తడిచేతులతో బయటికొచ్చాడు, వంట చేస్తున్నట్టున్నాడు. నన్ను కాదు, బండిని చూసి బిత్తరపోయాడు.

"ఈడికి ఏంటికి తెచ్చినారన్నా దీన్ని?" అన్నాడు గొంతు తగ్గించి. "ఆయమ్మ సూడకూడదనే గదా ఆదోనికి తీసుకపోయి అమ్మింది."

సత్యవతి సంచి చూపించింది. ఆయన దాన్ని గుర్తుపట్టి, పక్కకి తప్పుకుని, లోపలికి రమ్మన్నాడు.

గుంటమగ్గం పక్కన మంచం. దాని మీద ఆయన భార్య శంకరమ్మ, వెల్లకిలా, కళ్ళు తెరిచి. కుడిచెయ్యి పక్కన వాలి ఉంది. పైన దూలం నుంచి ఆ తాడు వేలాడుతోంది. నల్లబడ్డ చోటు సరిగ్గా ఆమె ఎడమచేతికి అందేంత ఎత్తులో.

నీలకంఠప్ప వాకిట్లోకి నన్ను తీసుకెళ్ళి చెప్పాడు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆస్పత్రివాళ్ళు లేచి కూర్చోవడం అలవాటు చేయమన్నారు. ఇంట్లో ఏ తాడు కట్టినా ఆమె చేతికి కుదరలేదు. వ్యానులో ఇన్నేళ్ళూ పట్టుకుని లేచిన తాడు ఇదొక్కటే, చూడకుండానే చేతికి దొరుకుతుందని, బండి పోయినా దీన్ని ఉంచుకున్నాడు.

"రోగం మనిషి తాడని సెప్తే మీరు బండి యాడ కొంటారని, పగ్గమని నోటికొచ్చింది సెప్తి. తప్పే," అన్నాడు. "తెచ్చి కడితి. కానీ బండి అమ్మినానని తెల్సినకాన్నించి ఆయమ్మ దాన్ని ముట్టలేదు. నాతో మాటాడేదీ లేదు. అన్నం నేను లేపి తినిపిస్తాండా."

నా కోపం ఎటు పోయిందో తెలీదు.

లోపల సత్యవతి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, సంచి శంకరమ్మ ఎడమచేతిలో పెట్టింది. ఆమె వేళ్ళతో తడిమి, సున్నపు డబ్బీ గుర్తుపట్టింది.

"బండి తెచ్చినారు గదా," అంది. మాట కొంచెం ముద్దగా ఉంది గాని తెలుస్తోంది. "సప్పుడుతోనే తెల్సింది. మూడో గేరుకు మూలుగుతాది."

ఆమె సంచిని పొట్ట మీద పెట్టుకుంది. ఎడమచెయ్యి పైకి లేచింది. తాడు వైపు చూడనే లేదు, చెయ్యి వెళ్ళి ఆ నల్లటి చోటే పట్టుకుంది. నీలకంఠప్ప గబగబా దగ్గరికెళ్ళి వీపు కింద చెయ్యి పెట్టబోయాడు.

"తీయ్," అంది.

ఆయన చెయ్యి తీశాడు. తల లేచింది, భుజం లేచింది, మధ్యలో ఆగింది. మెడనరాలు బిగుసుకున్నాయి. సత్యవతి చెయ్యి జాపలేదు. స్టూలు మీద తన చీరకొంగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. సాయం చేయకుండా ఉండడం ఎంత కష్టమో, అది ఎంత అవసరమో ఆ గదిలో మా ఆవిడ ఒక్కదానికే తెలుసు. శంకరమ్మ లేచి కూర్చుంది. కూర్చుని, తెరిచిన తలుపులోంచి బండి వైపు చూసింది.

"తెరలు మార్సలేదే," అంది. నీలకంఠప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ గోడవైపు తిరిగిపోయాడు.

తర్వాత ఆమె సత్యవతిని అడిగింది. "ఈ తాడు ఈడుంటే, నువ్వెట్ల లేస్తాండావక్కా?"

సత్యవతి నా చేత చీరతాడు తెప్పించింది. శంకరమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని ఎడమచేత్తో లాగి చూసింది. "మెత్తగుండాది. ముడులు ల్యాక జారుతాది," అని మొగుణ్ణి పిలిచింది. బండి అమ్మాక మొదటిసారి పిలిచింది కాబోలు, ఆయన పరుగున వచ్చాడు. ఆమె చెప్పిన చోటల్లా ఆయన ముడులేశాడు, కింద ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి. "గట్టిగ," అని ఆమె కసిరింది. ఆయనంత సంతోషంగా తిట్లు తిన్నవాణ్ణి నేను చూడలేదు.

సత్యవతి బండెక్కి పడుకుంది. వాకిట్లోకి కనిపించేలా వెనక తలుపు తీసి ఉంచాం. మొదటి ముడి పట్టుకుంది, రెండోది, మూడోది. లేచి కూర్చుంది. ఇంట్లోంచి శంకరమ్మ, బండిలోంచి మా ఆవిడ, ఇద్దరూ కూర్చుని ఒకరినొకరు చూసుకున్నారు.

ఆ పూట మమ్మల్ని కదలనివ్వలేదు. నీలకంఠప్ప ఓళిగలు చేశాడు, అంటే మా బొబ్బట్లే. అంచులు మాడాయి. "ఈయప్పకు నేత తప్ప ఏదీ రాదు. నన్ను గూడా ఎద్దును సేసినాడంట గదా, పగ్గమని," అంది శంకరమ్మ నా వైపు చూసి.

"నోటికొచ్చిన అబద్దమమ్మా, ఇంగ వదిలెయ్యి," అన్నాడాయన.

"అబద్దమేంది? పగ్గం ఇంట్లో వుంటే మల్ల వస్తాదంటివి. గాటి కాడికి వచ్చి నిలబడ్లేదా?" అని గుమ్మం బయటికి చూపించింది.

తిరుగుదారి

తిరుగుదారి తాపీగా సాగింది. కృష్ణా కాలువ గట్టున తెల్లవారింది ఒకరోజు. స్టవ్వు మీద కాఫీ పెడుతూ, అలవాటుగా లోపలికి చెయ్యి జాపాను. సత్యవతి అప్పటికే కూర్చుని ఉంది, పైముడి పట్టుకుని. నా చేతిని చూసి, అందులో ఖాళీ గ్లాసు పెట్టింది.

వీధివాళ్ళు ఇప్పటికీ అడుగుతున్నారు, ఇల్లు చాల్లేదా అని. బండి మా పెరటిగోడ పక్కన ఉంది. వచ్చే నెల ఎమ్మిగనూరు వెళ్ళాలని, ఈసారి తమలపాకులు మన ఊరివే తీసుకెళ్ళాలని సత్యవతి సిద్ధం చేసుకుంటోంది. మొన్న ఎవరో వ్యాను బేరానికి వచ్చారు. నేను ఇంకా నోరు తెరవకముందే లోపల్నుంచి కేకేసింది.

"ఇప్పుడు కాదు. ఎప్పుడైనా అమ్మినా, తాడు మాత్రం ఇచ్చేది లేదని చెప్పండి."